ఆర్థిక మార్పులు, కొత్త చట్టాలు వస్తే ఉద్యోగాలకు ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు, కొత్త యంత్రం దిగినప్పుడు, ప్రభుత్వం కార్మిక చట్టం మార్చినప్పుడు "మార్కెట్ దానంతటదే సర్దుకుంటుంది" అనే మాట వినిపిస్తుంది. సర్దుకునే మాట నిజమే. ఎంతకాలానికి సర్దుకుంటుంది, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు అన్నది మాత్రం ఎక్కువ మంది చెప్పరు. సర్దుబాటుకు పట్టే ఆ కాలం ఎవరో ఒకరి జీవితంలోని ఏళ్లు. కింది జవాబులు ఆ లెక్క మర్చిపోకుండా రాసినవి.

కార్మిక మార్కెట్‌కీ మిగతా మార్కెట్లకీ తేడా ఏమిటి?

వస్తువు అమ్ముడుపోకపోతే ధర తగ్గిస్తారు, ఎవరో ఒకరు కొంటారు. ఉద్యోగం దగ్గర అంత తేలిగ్గా కుదరదు. పోస్టు ఖాళీగా ఉందని తెలియాలి, ఇంటర్వ్యూ జరగాలి, పని వచ్చో రాదో తేల్చుకోవాలి, ఊరు మారాల్సి వస్తే ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. అందుకే ఒకే సమయంలో ఖాళీ పోస్టులూ ఉంటాయి, పని లేనివాళ్లూ ఉంటారు. ఈ వెతుకులాటకు పట్టే సమయాన్నీ ఖర్చునూ సిద్ధాంతంలోకి తెచ్చినందుకే పీటర్ డైమండ్, డేల్ మోర్టెన్సెన్, క్రిస్టఫర్ పిస్సారిడెస్‌లకు 2010లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

ఖాళీలూ నిరుద్యోగమూ రెండూ కలిసి పెరుగుతుంటే వెతుకులాటలో ఎక్కడో అడ్డంకి ఉన్నట్టు. పని ఒక ప్రాంతంలో ఉండి మనుషులు ఇంకో ప్రాంతంలో ఉండొచ్చు. ఉన్నవాళ్లకు వచ్చిన పని, కంపెనీలకు కావాల్సిన పని వేరువేరు కావచ్చు.

ఆర్డర్లు తగ్గగానే కంపెనీలు మనుషులను తీసేస్తాయా?

మొదటి నెలల్లో చాలాసార్లు తీసేయవు. ఒక మామూలు ఫ్యాక్టరీ సంగతి చూద్దాం. ముందు ఓవర్‌టైమ్ ఆగుతుంది. జీతం కాగితం మీద అంతే ఉన్నా చేతికొచ్చేది తగ్గుతుంది. ఓటీ డబ్బు చూసుకుని ఈఎంఐలు పెట్టుకున్నవాళ్లకు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. తర్వాత రిటైరైనవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోరు. ఆ తర్వాత కాంట్రాక్టు కార్మికుల గడువు ముగియగానే రెన్యువల్ ఆపేస్తారు. వాళ్లను తీసేసినట్టు రికార్డుల్లో ఉండదు, గడువు ముగిసినట్టే ఉంటుంది. ఇంకా గడవకపోతే ఒక షిఫ్టు ఎత్తేస్తారు. పర్మినెంట్ ఉద్యోగుల జోలికి వచ్చేది చివర్లోనే. వాళ్లకు పరిహారం ఇవ్వాలి, పైగా మళ్లీ పని పెరిగితే అంత చేయి తిరిగినవాళ్లు దొరకరు.

కోలుకునేటప్పుడూ ఇంతే. కొంతకాలం ఉన్నవాళ్లతోనే ఎక్కువ గంటలు చేయించుకుని, గిరాకీ నిలబడుతుందని నమ్మకం కుదిరాకే కొత్తవాళ్లను పిలుస్తారు. అమెరికాలో 2007 చివర్లో మొదలైన మాంద్యం 2009 జూన్‌లో ముగిసినట్టు అధికారికంగా తేల్చారు. నిరుద్యోగ రేటు 10 శాతానికి చేరింది మాత్రం అదే ఏడాది అక్టోబర్‌లో. మాంద్యం అయిపోయిందని వార్తలు వచ్చే రోజుల్లోనే చాలామందికి ఉద్యోగాలు పోతుంటాయి.

అందరి జీతం కాస్త తగ్గించి ఎవరినీ తీసేయకుండా ఉండొచ్చు కదా?

యజమానులు దీనికి చాలా వెనకాడతారు. 1990ల మొదట్లో ట్రూమన్ బ్యూలీ అనే ఆర్థికవేత్త అమెరికాలో వందల మంది మేనేజర్లనూ యూనియన్ నాయకులనూ కలిసి ఎందుకని అడిగారు. జీతం కోస్తే ఆ అసంతృప్తి లోపలే ఉండిపోయి పని చెడుతుందని, ముందు వెళ్లిపోయేది కూడా మంచి పనివాళ్లేనని వాళ్లు చెప్పారు. తీసేస్తే ఆ కోపం తీసేసినవాళ్లతోపాటే బయటికి పోతుందట.

ధరలు పెరిగే కాలంలో మాత్రం కోత కంటికి కనిపించకుండా జరుగుతుంది. ఇంక్రిమెంట్ 3 శాతం, ధరల పెరుగుదల 7 శాతం ఉంటే జీతం పెరిగినట్టే ఉంటుంది కానీ దాంతో కొనగలిగేది తగ్గిపోతుంది.

గంటలు తగ్గించి ఉద్యోగాలు కాపాడిన దేశాలు ఉన్నాయా?

ఉన్నాయి. అందరూ చెప్పేది జర్మనీ గురించి. అక్కడ ఆర్డర్లు తగ్గిన కంపెనీ మనుషులను తీసేయకుండా పని గంటలు తగ్గించుకోవచ్చు. గంటలు తగ్గినందువల్ల ఉద్యోగి కోల్పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవాళ్లకైతే 67 శాతం, నిరుద్యోగ బీమా నుంచి వస్తుంది. సగం గంటలే పని ఉందనుకుందాం. సగం జీతం కంపెనీ ఇస్తుంది, మిగతా సగంలో 60 శాతం బీమా ఇస్తుంది. అంటే ఇంటికి దాదాపు 80 శాతం చేరుతుంది, ఉద్యోగమూ నిలుస్తుంది. 2009లో జర్మనీ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా కదలలేదు. మంచి రోజుల్లో ఎక్కువగా చేసిన గంటలను ఖాతాలో జమ వేసుకుని కష్టకాలంలో వాడుకునే ఏర్పాటు చాలా కంపెనీల్లో ఉండటం కూడా కలిసొచ్చింది.

కోవిడ్ సమయంలో బ్రిటన్ ఇదే దారి పట్టింది. 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబర్ దాకా, పని లేక ఇంట్లో ఉన్న ఉద్యోగుల జీతంలో నెలకు 2,500 పౌండ్ల పరిమితితో 80 శాతం దాకా ఆదుకునే పథకం నడిచింది. మొత్తం మీద 1.17 కోట్ల ఉద్యోగాలకు అది ఏదో ఒక దశలో అందింది. అమెరికా వేరే దారి ఎంచుకుంది: ఉద్యోగాలు పోనిచ్చి, పోయినవాళ్లకు భృతి పెంచింది. అక్కడ 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగం 14.8 శాతానికి ఎగిరి, 2022 మధ్యకల్లా మళ్లీ 3.5 శాతానికి వచ్చింది.

గిరాకీ తిరిగి వస్తుందని తెలిసినప్పుడు మనుషులను ఉద్యోగంలోనే నిలిపే పద్ధతి మేలని నా నమ్మకం. ఒక పరిశ్రమ కాలం చెల్లిపోతున్నప్పుడు మాత్రం ఇలాంటి సాయం మనుషులను ఎటూ కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది.

నిరుద్యోగ రేటు తగ్గితే పరిస్థితి బాగుపడినట్టేనా?

అన్నిసార్లూ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం ప్రకారం వారంలో ఒక్క గంట డబ్బు కోసం పని చేసినా ఉపాధి ఉన్నట్టే లెక్క. నిరుద్యోగుల లెక్కలోకి రావాలంటే పని లేకపోవడం ఒక్కటే చాలదు, ఈ మధ్య పని కోసం వెతికి ఉండాలి, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి. వెతికి వెతికి విసిగి ఇంట్లో కూర్చున్నవాళ్లు ఆ లెక్కలోంచి జారిపోతారు. అలా జారినప్పుడు రేటు తగ్గుతుంది, వార్తల్లో మంచి కబురుగా వస్తుంది. పనిచేసే వయసువాళ్లలో ఎంతమందికి పని ఉంది, వాళ్లలో ఎంతమంది ఇంకా ఎక్కువ గంటలు కావాలనుకుంటున్నారు అన్న రెండు అంకెలు పక్కన పెట్టుకుని చూస్తేనే విషయం తెలుస్తుంది.

లేఆఫ్ అయినవాళ్లు ఎంతకాలంలో కోలుకుంటారు?

కొత్త ఉద్యోగం కొన్ని నెలల్లో దొరకొచ్చు. పాత జీతం దొరకడమే కష్టం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1980ల్లో మూకుమ్మడి తొలగింపుల్లో ఉద్యోగం పోయిన సీనియర్ కార్మికుల జీతాలను ఆ తర్వాత ఏళ్ల తరబడి గమనించారు. ఐదారేళ్లు గడిచినా వాళ్ల సంపాదన, ఉద్యోగం పోకుండా ఉండి ఉంటే వచ్చేదానికంటే దాదాపు 25 శాతం తక్కువగానే ఉంది. కారణం ఊహించలేనిదేమీ కాదు. ఇరవై ఏళ్లు ఒకే మిల్లులో పనిచేసిన మనిషికి ఆ యంత్రం శబ్దం వింటేనే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. మిల్లు మూతపడితే ఆ విద్యకు ఇంకెక్కడా జీతం లేదు. సీనియారిటీ కూడా సున్నా నుంచి మొదలవుతుంది.

చదువు పూర్తి చేసి మాంద్యంలో బయటికొచ్చినవాళ్ల పరిస్థితీ అంతే. కెనడా గ్రాడ్యుయేట్ల మీద జరిగిన అధ్యయనంలో, మాంద్యం సమయంలో ఉద్యోగంలో చేరినవాళ్లకు జీతం మొదట్లో తక్కువగా ఉండి, ఆ లోటు పూడటానికి పదేళ్ల దాకా పట్టింది. రెండేళ్లు ముందో వెనకో పుట్టి ఉంటే వాళ్ల కథ వేరుగా ఉండేది. "ఈ తరం పిల్లలు కష్టపడరు" అనే ముందు వాళ్లు ఏ సంవత్సరంలో డిగ్రీ పూర్తి చేశారో చూడమని నా విన్నపం.

దిగుమతులకు తలుపులు తెరిస్తే ఉద్యోగాలు పోతాయా, పెరుగుతాయా?

దేశం మొత్తం మీద లాభం ఉంటుంది: సరుకు చౌకగా దొరుకుతుంది, ఎగుమతులు చేసే రంగాలు పెరుగుతాయి. నష్టం మాత్రం దేశమంతా సమానంగా పరుచుకోదు, కొన్ని పట్టణాల మీదే పడుతుంది. చైనా 2001 డిసెంబర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2000 నుంచి 2010 మధ్య అమెరికా తయారీ రంగ ఉద్యోగాలు సుమారు 1.7 కోట్ల నుంచి 1.15 కోట్లకు పడిపోయాయి. అంతా దిగుమతుల వల్లే కాదు, యంత్రాలూ మాంద్యమూ కూడా ఉన్నాయి. అయితే ఫర్నిచర్, బట్టలు, బొమ్మలు తయారుచేసే ప్రాంతాలను విడిగా చూసినప్పుడు డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ అనే ఆర్థికవేత్తలకు కనిపించిన చిత్రం అప్పటిదాకా పాఠాల్లో చెప్పినదానికి భిన్నంగా ఉంది. ఉద్యోగాలు పోయినవాళ్లు వేరే ప్రాంతాలకు పెద్దగా తరలిపోలేదు. అక్కడే ఉండి తక్కువ జీతంతోనో, పని లేకుండానో, ప్రభుత్వ భృతితోనో గడిపారు. పదేళ్లు దాటినా ఆ ప్రాంతాలు పూర్తిగా లేవలేదు.

బ్రెజిల్ అనుభవం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. 1990ల మొదట్లో అక్కడ సుంకాలు తగ్గించారు. ఎక్కువ దెబ్బతిన్న ప్రాంతాల్లో జీతాల మీద పడిన ప్రభావం కాలంతోపాటు తగ్గుతుందని అనుకుంటాం కదా? ఇరవై ఏళ్ల తర్వాత అది పదేళ్ల తర్వాత ఉన్నదానికి మూడు రెట్లయింది. ఫ్యాక్టరీ పోతే దానికి సరుకు ఇచ్చేవాళ్లు పోతారు, కొత్త పెట్టుబడి అటు రాదు, చదువుకున్నవాళ్లు మెల్లగా జారుకుంటారు.

మరి వాళ్లు ఊరు మారొచ్చు కదా?

మారాలంటే డబ్బు కావాలి, అవతల తెలిసినవాళ్లు ఉండాలి. ఫ్యాక్టరీ మూతపడిన పట్టణంలో ఇంటి ధర కూడా పడిపోతుంది, అది అమ్మి పెద్ద నగరంలో చిన్న గది కూడా కొనలేరు. పెద్దవాళ్లను చూసుకోవాలి, భార్యాభర్తల్లో ఇంకొకరి ఉద్యోగం అక్కడే ఉండొచ్చు. ఇవన్నీ పక్కనపెట్టి "కదలని బద్ధకం" అనేవాళ్ల మాట నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

యంత్రాలు, ఏఐ మొత్తం ఉద్యోగాలను తినేస్తాయా?

చరిత్ర చూస్తే మొత్తంగా తినేయలేదు. 1900లో అమెరికా కార్మికుల్లో దాదాపు 40 శాతం వ్యవసాయంలో ఉండేవాళ్లు, ఇప్పుడు 2 శాతం కూడా లేరు. మిగతావాళ్లంతా నిరుద్యోగులు కాలేదు, ఫ్యాక్టరీలకూ సేవలకూ మళ్లారు. అయితే అది తరాల మీద జరిగిన మార్పు. చాలాచోట్ల తండ్రి పొలంలోనే ఉండిపోయాడు, కొడుకు నగరానికి వెళ్లాడు. 1811 నుంచి ఇంగ్లండ్‌లో మగ్గాలు విరగ్గొట్టిన లడ్డైట్లను మూర్ఖులుగా చిత్రిస్తుంటారు. వాళ్లలో చాలామంది నైపుణ్యం ఉన్న చేతిపనివాళ్లు, తమ జీతాలు పడిపోవడం కళ్లారా చూస్తున్నవాళ్లు. 1812లో ప్రభుత్వం మగ్గం విరగ్గొడితే మరణశిక్ష అని చట్టం చేసింది.

యంత్రం సాధారణంగా ఉద్యోగాన్ని మొత్తంగా కాకుండా అందులోని కొన్ని పనులను తీసుకుంటుంది. ఏటీఎంలు వచ్చాక అమెరికాలో ఒక్కో బ్యాంకు శాఖకు క్యాషియర్ల సంఖ్య 1988 నుంచి 2004 మధ్య సగటున 20 నుంచి 13కు తగ్గింది. శాఖ నడపడం చవకయ్యేసరికి బ్యాంకులు కొత్త శాఖలు తెరిచాయి, అందుకని మొత్తం క్యాషియర్లు తగ్గలేదు. ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. తర్వాత ఫోన్‌లోనే బ్యాంకు పనులు అయిపోవడం మొదలయ్యాక శాఖలూ తగ్గాయి, ఆ ఉద్యోగాలూ తగ్గాయి. ఏఐ విషయంలోనూ అడగాల్సింది ఇదే: అది పనిని చవక చేసి గిరాకీ పెంచుతోందా, లేక ఆ పని అవసరమే లేకుండా చేస్తోందా?

కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా?

మితంగా పెంచితే పెద్దగా పోవనే ఆధారాలు బలంగా ఉన్నాయి. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు సరిహద్దుకు రెండువైపులా 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లలో పెంపుకు ముందూ తర్వాతా ఎంతమంది పనిచేస్తున్నారో అడిగి తెలుసుకున్నారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ లేదు. ఆ లెక్కల మీద తర్వాత చాలా వాదన నడిచింది, కానీ ఇలా పక్కపక్క ప్రాంతాలను పోల్చే పద్ధతి అర్థశాస్త్రంలో స్థిరపడింది. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

ఎందుకు పోలేదు? ఒక ప్రాంతంలో పని ఇచ్చేవాళ్లు కొద్దిమందే ఉంటే, కార్మికుడి పని విలువకంటే తక్కువ ఇచ్చి నెగ్గుకురాగలరు. అక్కడ వేతనం పెంచితే యజమాని లాభం కాస్త తగ్గుతుంది, పని మానేసి వెళ్లేవాళ్లూ తగ్గుతారు. జర్మనీ 2015 జనవరిలో మొదటిసారి దేశమంతటికీ గంటకు 8.50 యూరోల కనీస వేతనం పెట్టినప్పుడు, తక్కువ జీతం ఇచ్చే చిన్న సంస్థల నుంచి కొందరు ఎక్కువ జీతం ఇచ్చే సంస్థలకు మారారని తేలింది. అలాగని ఎంతైనా పెంచుకోవచ్చని దీని అర్థం కాదు. ఆ ప్రాంతపు మధ్యస్థ వేతనానికి (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే వేతనం) మరీ దగ్గరగా తీసుకెళితే నష్టం మొదలవుతుంది, ముందు దెబ్బతినేది కొత్తగా పనిలో చేరాల్సినవాళ్లే.

తీసేయడం సులభం చేస్తే కంపెనీలు ధైర్యంగా ఎక్కువ మందిని తీసుకుంటాయా?

తీసుకోవడమూ పెరుగుతుంది, తీసేయడమూ పెరుగుతుంది. మొత్తం ఉద్యోగాల సంఖ్య మీద ప్రభావం అనుకున్నంత ఉండదు. పెద్ద ప్రమాదం చట్టాన్ని సగానికే మార్చడంలో ఉంది. స్పెయిన్ 1984లో పర్మినెంట్ ఉద్యోగుల రక్షణ ముట్టుకోకుండా తాత్కాలిక కాంట్రాక్టులకు గేట్లెత్తింది. కొన్నేళ్లకే ప్రతి ముగ్గురు ఉద్యోగుల్లో ఒకరు తాత్కాలికం. 2008 తర్వాత కంపెనీలు ముందు వాళ్లనే వదిలించుకున్నాయి. 2007లో 8 శాతం దగ్గర ఉన్న నిరుద్యోగం 2013కల్లా 26 శాతానికి చేరింది. ఇళ్ల నిర్మాణం కుప్పకూలడం ప్రధాన కారణమైనా, అంత వేగంగా అంతమంది రోడ్డున పడటానికి ఈ కాంట్రాక్టులు తోడయ్యాయి. 2021 చివర్లో చేసిన సంస్కరణతో స్పెయిన్ తాత్కాలిక కాంట్రాక్టులను బాగా కట్టడి చేసింది.

డెన్మార్క్‌లో తీసేయడం సులభమే. అయితే ఉద్యోగం పోయినవాళ్లకు గరిష్ఠ పరిమితికి లోబడి పాత జీతంలో 90 శాతం దాకా భృతి, రెండేళ్ల వరకు వస్తుంది. శిక్షణకూ ఉద్యోగం వెతకడంలో సాయానికీ ప్రభుత్వం బాగా ఖర్చు పెడుతుంది, భృతి తీసుకునేవాళ్లు వీటిలో పాల్గొనాల్సిందే. మొదటి సగాన్ని మాత్రమే అరువు తెచ్చుకుని "డెన్మార్క్ నమూనా" అని పేరు పెట్టడం మోసం.

భృతి తగ్గిస్తే మనుషులు త్వరగా పనిలో చేరతారా?

కొంతవరకు, అవును. జర్మనీలో 2003 నుంచి 2005 దాకా వచ్చిన హార్ట్జ్ సంస్కరణలు దీనికి పెద్ద ఉదాహరణ. 2005 జనవరి నుంచి దీర్ఘకాల నిరుద్యోగులకు పాత జీతాన్ని బట్టి ఇచ్చే భృతి తీసేసి, అందరికీ ఒకే కనీస సాయం చేశారు. ఉపాధి కార్యాలయాలను కూడా కొత్తగా తీర్చిదిద్దారు. 2005 ఆరంభంలో నమోదైన నిరుద్యోగులు 50 లక్షలు దాటారు. తర్వాతి ఏడెనిమిదేళ్లలో నిరుద్యోగ రేటు దాదాపు సగమైంది. ఆ ఘనత ఎంతవరకు ఈ సంస్కరణలది అన్న దాని మీద ఆర్థికవేత్తలు ఒక్కమాట మీద లేరు. 1990ల నుంచే యూనియన్లూ యాజమాన్యాలూ కంపెనీ స్థాయిలో జీతాలను అదుపులో పెట్టుకోవడం అసలు కారణమనేవాళ్లున్నారు, ఆ వాదన నాకు బలంగా కనిపిస్తుంది. భృతి పోతుందన్న భయంతో దొరికిన తక్కువ జీతం పనిలో చేరినవాళ్లు ఎందరో ఉన్నారు. 2023లో ఆ కనీస సాయం పేరూ కొన్ని నిబంధనలూ మార్చారు.

కొత్త పని నేర్పిస్తే సరిపోదా?

రెండు వారాల కోర్సు, ఒక సర్టిఫికెట్ సరిపోవు. ఉపాధి పథకాల మీద 200కు పైగా అధ్యయనాలను కలిపి చూస్తే, శిక్షణ ఫలితం మొదటి ఏడాదిలో దాదాపు ఏమీ కనిపించదు, రెండు మూడేళ్ల తర్వాత కనిపిస్తుంది. ఆడవాళ్లకూ చాలాకాలంగా పని లేనివాళ్లకూ మేలు ఎక్కువ. ఆస్ట్రియాలో 1987లో ప్రభుత్వ ఉక్కు పరిశ్రమ కుదించుకుపోయినప్పుడు పెట్టిన నిధి నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు. ఉద్యోగం పోయినవాళ్లు ఏళ్ల తరబడి పూర్తి స్థాయి చదువు చదువుకోవచ్చు. ఖర్చులో కంపెనీ వాటా ఉంది, ప్రభుత్వ వాటా ఉంది, పనిలో మిగిలినవాళ్లు తమ జీతం నుంచి ఇచ్చిన వాటా కూడా ఉంది.

వలస వచ్చేవాళ్ల వల్ల స్థానికుల జీతాలు పడిపోతాయా?

1980లో కొన్ని నెలల్లోనే సుమారు 1,25,000 మంది క్యూబన్లు పడవల్లో అమెరికాకు వచ్చారు. వాళ్లలో చాలామంది స్థిరపడిన మయామీ నగరంలో పనిచేసేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా 7 శాతం పెరిగింది. స్థానికుల జీతాల మీద గుర్తించదగ్గ ప్రభావం లేదని కార్డ్ అధ్యయనం చెప్పింది. హైస్కూల్ పూర్తి చేయని మగవాళ్ల జీతాలు బాగా పడ్డాయని తర్వాత జార్జ్ బోర్హాస్ అనే ఆర్థికవేత్త వాదించారు. వచ్చినవాళ్లు పని చేయడమే కాదు, ఖర్చు కూడా పెడతారు కాబట్టి గిరాకీ కూడా పెరుగుతుంది. సగటు మీద ప్రభావం తక్కువే అన్నది ఎక్కువమంది అభిప్రాయం.

పెద్దవాళ్లను ముందే రిటైర్ చేస్తే కుర్రాళ్లకు ఉద్యోగాలు వస్తాయా?

రావు. యూరప్ దేశాలు 1970, 80ల్లో ఇది గట్టిగానే ప్రయత్నించాయి, యువత నిరుద్యోగం తగ్గలేదు. ఒకరు దిగితే ఇంకొకరికి చోటు దొరికేలా ఉద్యోగాల సంఖ్య స్థిరంగా ఉండదు, పింఛన్ల భారం మాత్రం పనిచేసేవాళ్ల మీదే పడుతుంది.

ఈ చట్టాలన్నీ అనధికార రంగంలో పనిచేసేవాళ్లకు వర్తిస్తాయా?

ప్రపంచంలో పనిచేసేవాళ్లలో దాదాపు 60 శాతం, అంటే సుమారు 200 కోట్ల మంది, అనధికార రంగంలోనే ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో అంచనా వేసింది. వాళ్లకు అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, నోటీస్ పీరియడ్ ఉండదు. పని లేకుండా కూర్చోగలిగే స్తోమత కూడా ఉండదు. అందుకే సంక్షోభం వస్తే అక్కడ నిరుద్యోగ రేటు పెద్దగా కదలదు, రోజు సంపాదన పడిపోతుంది.

యాప్‌ల మీద పనిచేసేవాళ్లది మధ్యలో చిక్కుకున్న పరిస్థితి. ఉబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కాదు, కనీస వేతనానికీ సెలవు జీతానికీ అర్హులైన కార్మికులని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. కాలిఫోర్నియా ఓటర్లు అంతకు కొన్ని నెలల ముందే, 2020 నవంబర్‌లో, అలాంటి డ్రైవర్లను స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే ఉంచేలా ఓటేశారు.

ఒక సంస్కరణ పనిచేసిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?

మొదటి ఏడాది అంకెలతో ఎవరైనా గెలిచామని చెబితే నమ్మకండి. ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ ఎలాగూ పెరుగుతూ ఉండి ఉండొచ్చు. సంస్కరణ వర్తించని ప్రాంతంతోనో వర్గంతోనో పోల్చి చూడాలి. ఎన్ని ఉద్యోగాలు వచ్చాయన్నదానితోపాటు అవి ఎన్నాళ్లు నిలిచాయి, జీతం ఎంత, పాత ఉద్యోగం పోయినవాళ్లకే వచ్చాయా వేరేవాళ్లకా అని అడగాలి. దీనికి ఒకే మనిషి జీతాన్ని ఏళ్ల తరబడి గమనించగల రికార్డులు కావాలి. డెన్మార్క్, జర్మనీల్లో అలాంటివి పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. అవి లేని చోట, చట్టం అమల్లోకి రాకముందే ఒక సర్వే మొదలుపెట్టి, అవే కుటుంబాలను రెండేళ్లకోసారి మళ్లీ కలవాలి. ఆ ఖర్చుకు బడ్జెట్‌లో డబ్బు పెట్టమని ప్రజాప్రతినిధులను ఇప్పుడే అడగొచ్చు.